గడ్డ ఉన్న నమూనా, గడ్డ లేని నమూనా: పక్షవాతంపై జంతు పరిశోధన ఎక్కడ గెలిచింది, ఎక్కడ ఓడింది

1985లో జస్టిన్ జివిన్ బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న పరిశోధన పత్రం ప్రచురించింది. వాళ్లు రక్తాన్ని బయట గడ్డ కట్టించి, సన్నటి తునకలు చేసి, కుందేళ్ల మెడలోని కెరోటిడ్ ధమని గుండా మెదడుకు పంపారు. ఆ తరువాత గడ్డను కరిగించే టీపీఏ అనే ప్రొటీన్ ఎక్కించారు. మందు పడిన కుందేళ్లకు నరాల దెబ్బ తగ్గింది. పదేళ్ల తరువాత, 1995 డిసెంబరులో, అమెరికాలో 624 మంది రోగుల మీద జరిగిన ఎన్ఐఎన్‌డీఎస్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. పక్షవాతం వచ్చిన మూడు గంటల్లోపు టీపీఏ అందుకున్నవారు మూడు నెలల తరువాత వైకల్యం లేకుండానో, చాలా కొద్దిపాటి వైకల్యంతోనో ఉండే అవకాశం కనీసం 30 శాతం పెరిగింది. మెదడులో ప్రమాదకర రక్తస్రావం మాత్రం 0.6 నుంచి 6.4 శాతానికి చేరింది. ఆ నష్టాన్ని కలుపుకున్నా మేలే ఎక్కువని తేలింది. 1996లో అమెరికా ప్రభుత్వం ఆ మందుకు అనుమతి ఇచ్చింది. మన పెద్దాసుపత్రుల్లో ‘గడ్డ కరిగించే ఇంజెక్షన్’ అంటున్నది ఈ కుటుంబపు మందే.

అదే కాలంలో మరో ప్రవాహం నడిచింది. రక్తం అందక చచ్చిపోతున్న మెదడు కణాలను మందులతో కాపాడాలన్నది దాని ఆశయం. ఎలుకల్లో పనిచేసిన మందులు వందల్లో ఉన్నాయి. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు విక్టోరియా ఓకాలిన్స్, ఆమె సహచరులు ఈ ప్రయత్నాలన్నీ లెక్కగట్టారు. ప్రయోగశాలల్లో పరీక్షకు వచ్చిన చికిత్సలు 1,026. వాటిలో మనుషుల దాకా వెళ్లినవి 114. ఆసుపత్రిలో నిలబడింది గడ్డను కరిగించే మార్గం ఒక్కటే. ఇన్ని పరీక్షలు, ఇంత డబ్బు, ఇన్ని జంతువుల ప్రాణాలు ఖర్చయ్యాక ఒక్కటే ఎందుకు మిగిలింది? ఈ ప్రశ్నకు చాలా జవాబులు చెప్పారు. వాటిలో తక్కువగా వినిపించే జవాబు ఒకటుంది. గెలిచిన మందును పరీక్షించిన కుందేలు మెదడులో నిజంగానే రక్తపు గడ్డ ఉంది. ఓడిన మందుల్లో ఎక్కువ వాటిని పరీక్షించిన ఎలుకల మెదడులో గడ్డే లేదు.

మనిషికి జరిగేది ముందు చూద్దాం. గుండె లయ తప్పినప్పుడు ఎడమ కర్ణికలో పేరుకున్న గడ్డ తెగి పైకి పోవచ్చు. మెడ ధమనిలో కొవ్వు పొర పగిలి, దాని మీద ఏర్పడిన గడ్డ కొట్టుకుపోవచ్చు. తల లోపలి ధమనే సన్నబడి అక్కడికక్కడే మూసుకుపోవచ్చు. ఎక్కువసార్లు దెబ్బ పడేది మధ్య మస్తిష్క ధమనికి. అది మూసుకున్న చోట నడిమి భాగం నిమిషాల్లో చస్తుంది. దాని చుట్టూ ఉన్న వలయం మాత్రం పక్కదారుల్లో వచ్చే కొద్ది రక్తంతో కొన్ని గంటలు కొట్టుమిట్టాడుతుంది. పెద్ద ధమని మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు పోతాయని జెఫ్రీ సేవర్ 2006లో అంచనా వేశారు. వైద్యం అంతా ఆ వలయం కోసమే. కాబట్టి జంతు నమూనా మూడు విషయాలను అనుకరించాలి: ధమనిని మూసినది ఏమిటి, అది తిరిగి ఎలా తెరుచుకుంటుంది, ఇదంతా ఎలాంటి శరీరంలో జరుగుతోంది. మూడూ ఒకే జంతువులో కుదరడం అరుదు.

ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది దారం పద్ధతి. 1986లో జపాన్‌లో కొయిజుమి, 1989లో లోంగా బృందం దీన్ని స్థిరపరిచారు. ఎలుక మెడలో కోత పెట్టి, కెరోటిడ్ ధమనిలోకి సన్నని నైలాన్ దారం దూర్చి, మధ్య మస్తిష్క ధమని మొదటికి చేరేదాకా నెడతారు. గంటో రెండు గంటలో ఉంచి దారం వెనక్కి లాగేస్తారు. పుర్రె తెరవనక్కర్లేదు. చేయి తిరిగినవారు చేస్తే ఒక ఎలుకలో వచ్చిన దెబ్బే ఇంకో ఎలుకలోనూ దాదాపుగా వస్తుంది. తేడాలు తక్కువైతే తక్కువ జంతువులతో ఫలితం తేలుతుంది. ఈ సౌలభ్యమే దాన్ని ప్రయోగశాలల అలవాటుగా మార్చింది. అయితే దారం లాగిన క్షణాన, మూసి ఉంచిన తూము పలకను ఒక్కసారిగా ఎత్తినట్టు రక్తం ఉరికి వస్తుంది. టీపీఏ పడిన మనిషిలో గడ్డ అలా తెరుచుకోదు. మెల్లగా, ముక్కలుముక్కలుగా, ఒక్కోసారి సగమే కరుగుతుంది. కొన్ని ముక్కలు కింది సన్న నాళాల్లోకి పోయి మళ్లీ అడ్డుపడతాయి. ఫైబ్రిన్ వల, ప్లేట్‌లెట్ల గుంపు, వాటి నుంచి ఊరే రసాయనాలు దారం పద్ధతిలో ఉండవు.

మిగతా పద్ధతుల్లో పుర్రె తెరిచి ధమనిని కరెంటుతో కాల్చేయడం ఒకటి. తమురా బృందం 1981లో చేసింది ఇదే. అక్కడ తిరిగి తెరుచుకోవడమన్నదే లేదు. 1985లో వాట్సన్ బృందం చేసిన కాంతి పద్ధతిలో రోజ్ బెంగాల్ అనే రంగును రక్తంలోకి ఎక్కించి, పుర్రె మీదుగా వెలుతురు పంపుతారు. వెలుతురు పడ్డ చోట నాళాల లోపలి పొర దెబ్బతిని ప్లేట్‌లెట్లు పేరుకుంటాయి. కావలసిన చోట దెబ్బ వేయడానికి, ఆ తరువాత మెదడు ఎలా కోలుకుంటుందో చూడటానికి మంచి పద్ధతి. కాపాడదగ్గ వలయం మాత్రం అందులో చాలా తక్కువ.

నిజమైన గడ్డతో చేసే నమూనాలు కష్టమైనవి. 1982లో కుడో బృందం అదే జాతి ఎలుక రక్తపు గడ్డ ముక్కలను ఎలుక మెదడుకు పంపింది. ముక్కలు ఎక్కడ ఆగుతాయో చెప్పలేం. కొన్ని వాటంతట అవే కరిగిపోతాయి, ఇంకొన్ని ఊహించని చోట చిక్కుకుంటాయి. ఒక ఎలుకలో పెద్ద దెబ్బ, పక్క ఎలుకలో ఏమీ ఉండదు. 1997లో డెట్రాయిట్‌లో జాంగ్, మైఖేల్ చాప్ బృందం ముందుగా ముదరబెట్టిన ఒకే గడ్డను సన్నని గొట్టంతో మధ్య మస్తిష్క ధమని మొదట్లోనే వదిలే పద్ధతి తెచ్చింది. 2007లో ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో ఓర్సే, డెనిస్ వివియన్ బృందం చిట్టెలుక మధ్య మస్తిష్క ధమనిలోకి థ్రాంబిన్ నేరుగా ఎక్కించి, గడ్డ అక్కడే కట్టేలా చేసింది. దాన్ని టీపీఏ కరిగిస్తుంది. త్వరగా ఇస్తే మేలు, ఆలస్యమైతే మేలు పోతుంది. ఆసుపత్రిలో మనం చూసే కాల నియమమే అక్కడా కనిపిస్తుంది. ఒక నమూనాను నమ్మడానికి నాకు ఇంతకన్నా మంచి కారణం కనిపించదు: ఇప్పటికే తెలిసిన నిజాన్ని అది తిరిగి చూపగలగాలి.

గడ్డ ఉండటం, లేకపోవడం ఫలితాన్ని ఎంత మార్చగలదో చెప్పే ఉదాహరణ టీపీఏదే. 1998లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చిన ఒక పత్రం, దారం పద్ధతిలో దెబ్బ తగిలిన చిట్టెలుకలకు టీపీఏ ఇస్తే మెదడు నష్టం పెరిగిందని చూపింది. పుట్టుకతోనే టీపీఏ లేని చిట్టెలుకల్లో నష్టం తక్కువగా ఉంది. అందులో తప్పేమీ లేదు. ఆ ప్రొటీన్‌కు గడ్డను కరిగించే పనితో పాటు న్యూరాన్లను రెచ్చగొట్టే గుణం కూడా ఉంది. కరిగించడానికి గడ్డే లేకపోతే మిగిలేది రెండో గుణమే. గడ్డ ఉన్న నమూనాలో అదే మందు ప్రాణదాత. జివిన్ తన కుందేళ్లకు గడ్డకు బదులు దారం వాడి ఉంటే, ఈ మందు మనుషుల దాకా వచ్చేదేనా అన్న సందేహం నాకు కలుగుతుంది.

మోతాదు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనిషికి కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాముల టీపీఏ ఇస్తారు. ఎలుకలకు చాలా ప్రయోగాల్లో 10 మిల్లీగ్రాములు ఇస్తారు, ఎందుకంటే మనిషి టీపీఏకు ఎలుక రక్తం అంత బాగా స్పందించదు. పది రెట్లకు పైగా ఇచ్చినప్పుడు మెదడు కణాల మీద, రక్తనాళాల గోడల మీద దాని ప్రభావం మనిషిలో ఉన్నట్టే ఉంటుందని అనుకోలేం. ఈ విషయంలో కుందేలు మనిషికి దగ్గర. అయినా ఎలుకల మీద వచ్చిన పత్రాలతో పోలిస్తే కుందేళ్ల మీద వచ్చినవి చాలా కొద్ది.

అపజయాల్లో అందరూ గుర్తుపెట్టుకోవలసింది ఎన్ఎక్స్‌వై-059 అనే మందు. 1999లో పరిశోధకులు, మందుల కంపెనీలు కలిసి ‘స్టెయిర్’ పేరుతో కొన్ని నియమాలు రాసుకున్నారు: మోతాదులు మార్చి చూడాలి, ఒకటికి మించిన జాతుల్లో పరీక్షించాలి, ఎవరికి ఏ మందు పడిందో తెలియకుండా ఫలితం కొలవాలి. ఈ మందు ఆ నియమాలను చాలావరకు నెరవేర్చినట్టే కనిపించింది. మార్మోసెట్ కోతుల్లోనూ పనిచేసింది. 2006లో మొదటి పెద్ద పరీక్షలో కొద్దిపాటి మేలు కనిపించింది. 2007లో మూడు వేల మందికి పైగా రోగులతో చేసిన రెండో పరీక్షలో ఏ మేలూ లేదు. తరువాత ఎడిన్‌బరోలో మాల్కమ్ మెక్లౌడ్ బృందం జంతు ప్రయోగాలన్నిటినీ తిరగతోడింది. జంతువులను చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా విభజించామని, ఏ మందో తెలియకుండా కొలిచామని రాసిన ప్రయోగాల్లో మేలు తగ్గిపోయింది. ఆ జాగ్రత్తలు లేనివాటిలో మేలు ఉబ్బి కనిపించింది. నియమావళి ఉంది, పాటింపు లేదు. నా దృష్టిలో ఈ రంగం ఎదుర్కొన్న అత్యంత బాధాకరమైన పాఠం ఇదే. వేల మంది రోగులు తమ పక్షవాతపు తొలి గంటల్లో ఈ నమ్మకం మీద సంతకం చేశారు.

చిన్న విషయాలు ఎంత మోసం చేయగలవో చెప్పడానికి మరో రెండు ఉదాహరణలు. 1990లో బుకాన్, పుల్సినెల్లి జెర్బిల్ ఎలుకల్లో ఎంకే-801 అనే మందును మళ్లీ పరిశీలించారు. మందు వల్ల జంతువుల ఒంటి వేడి పడిపోతోందని, కాపాడుతున్నది ఆ చల్లదనమేనని తేల్చారు. వేడి నిలబెట్టి చూస్తే మందు మహిమ మాయం. 2020లో బోస్టన్ నుంచి వచ్చిన ఒక పత్రం ఇంకో కోణం చూపింది. ఎలుకలు రాత్రి మేలుకుని పగలు నిద్రపోతాయి. ప్రయోగశాలలు పగలు పనిచేస్తాయి. అంటే ఎలుకలకు పక్షవాతం తెప్పించేది వాటి నిద్రవేళలో. మనుషుల మీద పరీక్షల్లో చేరేవారిలో ఎక్కువమందికి అది వచ్చేది మెలకువ వేళ. పగటిపూట ఎలుకలను కాపాడిన చికిత్సలు రాత్రిపూట కాపాడలేదు. పరీక్షించిన వాటిలో ఎంకే-801 ఉంది, ఎన్ఎక్స్‌వై-059కు మూలమైన అణువు కూడా ఉంది.

నమూనా మారితే జవాబు మారుతుందని పెద్ద ఎత్తున, పద్ధతిగా చూపింది ఐరోపాలోని ఆరు ప్రయోగశాలలు. 2015లో మ్యూనిక్ కేంద్రంగా, తెల్ల రక్తకణాలు మెదడులోకి రాకుండా ఆపే ప్రతిదేహాన్ని వాళ్లు మూడు వందలకు పైగా చిట్టెలుకల మీద పరీక్షించారు. మెదడు పైపొరకు పరిమితమైన చిన్న దెబ్బలో అది నష్టాన్ని తగ్గించింది. దారం పద్ధతిలో వచ్చే పెద్ద దెబ్బలో తగ్గించలేదు. ఆ కోవకే చెందిన నటాలిజుమాబ్‌ను రోగులకు ఇచ్చి చూశారు. 2017లోనూ 2020లోనూ వచ్చిన ఫలితాలు నిరాశపరిచాయి. ఆరు చోట్ల ఒకే పద్ధతిలో చేసిన ఆ పని ముందే హెచ్చరించింది.

నెరినెటైడ్ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 2012లో టొరంటోలో మైఖేల్ టిమియాన్‌స్కీ బృందం మకాక్ కోతుల్లో మధ్య మస్తిష్క ధమనిని క్లిప్‌తో మూసి, ఈ పెప్టైడ్ ఇచ్చి, మెదడు నష్టం గణనీయంగా తగ్గిందని చూపింది. మడతలున్న మెదడు, మనిషికి దగ్గరి బంధువు. ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుందనిపించింది. 2020లో 1,105 మంది రోగుల మీద చేసిన ఎస్కేప్-ఎన్ఏ1 పరీక్షలో మొత్తం మీద మేలు లేదు. టీపీఏ తీసుకోనివారిని విడిగా చూస్తే మేలు ఉన్నట్టు కనిపించింది. టీపీఏ ఒంట్లో ప్లాస్మిన్‌ను పుట్టిస్తుంది, ఆ ప్లాస్మిన్ గడ్డతో పాటు ఈ పెప్టైడ్‌నూ తెంచేస్తుంది. క్లిప్‌తో మూసిన ధమనిలో గడ్డ లేదు కనుక టీపీఏ ఇవ్వాల్సిన పని రాలేదు, ఈ తగువూ బయటపడలేదు. దాంతో టీపీఏ తీసుకోనివారినే ఎంచుకుని తరువాతి పరీక్ష ఎస్కేప్-నెక్స్ట్ చేశారు. అందులోనూ మొత్తం మీద మేలు కనిపించలేదు. కాబట్టి గడ్డ ఒక్కటీ పెట్టేస్తే సమస్యలన్నీ తీరిపోతాయని నేను అనడం లేదు. పెట్టకపోతే కొన్ని సమస్యలు అసలు కంటికే ఆనవని అంటున్నాను.

2015 తరువాత లెక్క మరోసారి మారింది. నెదర్లాండ్స్‌లోని ‘మిస్టర్ క్లీన్’తో మొదలై ఆ ఏడాది వచ్చిన ఐదు పరీక్షలు, తొడ ధమని గుండా తీగ పంపి మెదడులోని గడ్డను బయటికి లాగే థ్రాంబెక్టమీ మేలు చేస్తుందని నిరూపించాయి. 2018లో డాన్, డిఫ్యూజ్-3 పరీక్షలు ఎంపిక చేసిన రోగుల్లో ఆ గడువును 24 గంటల దాకా పొడిగించాయి. ఈ పరికరాలు పెరిగింది పందుల మీద. పంది రక్తం గడ్డకట్టే తీరు మనిషికి దగ్గర, ధమనుల కొలతలూ సరిపోతాయి. ఒక ఇబ్బంది ఉంది: పంది మెదడు కింద ధమనులు సన్నని వలలా చీలిపోయి ఉంటాయి, తీగ దాన్ని దాటి పైకి పోదు. అందుకే బెర్న్‌లో యాన్ గ్రాలా బృందం 2006లో వివరించిన పద్ధతిలో, ఎక్స్‌రేలో కనిపించేలా బేరియం కలిపిన గడ్డలను తల, మెడ ధమనుల్లోకి వదిలి పరికరాలతో లాగి చూశారు. గడ్డ ఎక్కడ చిట్లుతుంది, ముక్కలు ఎటు పోతాయి, నాళం గోడ ఎంత గీసుకుపోతుంది అనే ప్రశ్నలకు పంది జవాబిస్తుంది. మెదడు ఎంత దక్కిందన్న ప్రశ్న దాన్ని అడగలేం.

ఇక్కడే దారం పద్ధతికి కొత్త గౌరవం వచ్చింది. పెద్ద ధమనిలో గడ్డను ఒక్క లాగుతో తీసేసినప్పుడు రక్తం ఉరికి రావడం దారం లాగినప్పటి తీరుకు దగ్గరగా ఉంటుంది. నిన్నటి దాకా లోపమనుకున్నది ఇవాళ పోలిక అయింది. దారం పద్ధతిని పూర్తిగా కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించలేకపోవడానికి ఇదే కారణం. అడిగే ప్రశ్న థ్రాంబెక్టమీ గురించైతే దారం తగిన నమూనా, గడ్డ కరిగించడం గురించైతే తగదు. పెద్ద ధమని తెరుచుకున్నా కింది సన్న నాళాల్లో రక్తం కదలకపోవడం ఇప్పుడు వైద్యులను వేధిస్తున్న ప్రశ్న. దీన్ని బబూన్ కోతుల్లో గ్రెగరీ డెల్ జొప్పో బృందం చాలాకాలం కిందటే చూసింది. 2020లో జ్యూరిక్ బృందం థ్రాంబిన్ నమూనా చిట్టెలుకల్లో న్యూట్రోఫిల్ కణాలు కేశనాళికలను మూసేస్తున్నాయని చూపింది. దారం, గడ్డ రెండు నమూనాలూ ఈ ప్రశ్నకు పక్కపక్కనే కావాలి.

థ్రాంబెక్టమీ మరో వరం కూడా ఇచ్చింది. మనిషి మెదడు నుంచి తీసిన గడ్డలు మొట్టమొదటిసారి పెద్ద సంఖ్యలో సూక్ష్మదర్శిని కిందికి వచ్చాయి. కొన్ని ఎర్రకణాలతో నిండిన మెత్తని గడ్డలు. కొన్ని ప్లేట్‌లెట్లు, దట్టమైన ఫైబ్రిన్, వాన్ విల్‌బ్రాండ్ ప్రొటీన్, న్యూట్రోఫిల్స్ విసిరిన డీఎన్ఏ వలలతో గట్టిపడినవి. రెండో రకం టీపీఏకు లొంగదు. ప్రయోగశాలలో సులువుగా తయారయ్యేది మొదటి రకం. ఫెర్రిక్ క్లోరైడ్‌తో ధమని గోడను దెబ్బతీసి చేసే నమూనాలో ప్లేట్‌లెట్ల గడ్డ కడుతుంది, టీపీఏకు అది మొండికేస్తుంది. ఆ మొండితనమే దాని విలువ. వాన్ విల్‌బ్రాండ్ ప్రొటీన్‌ను తెంచే ఎన్‌జైమును, డీఎన్ఏ వలలను కోసే డీఎన్ఏస్‌ను పరీక్షించాలంటే అలాంటి గడ్డే కావాలి. రాబోయే పదేళ్లలో ఈ దారిలోనే ఫలితం ఎక్కువగా వస్తుందని నా అంచనా.

శరీరం సంగతి చివరికి మిగిలింది, పరిశోధనలోనూ అది చివరికే మిగిలింది. పక్షవాతం వచ్చే మనిషికి సాధారణంగా వయసు పైబడి ఉంటుంది, బీపీ, షుగర్ ఉంటాయి. ఎలుక మాత్రం కొన్ని నెలల ఆరోగ్యవంతమైన మగ జంతువు. క్యోటోలో ఒకామోతో, అవోకి 1963లో వెలుగులోకి తెచ్చిన, పుట్టుకతోనే రక్తపోటు ఉండే ఎలుకల జాతి అందుబాటులోనే ఉన్నా వాడకం తక్కువ. అమెరికా నిధులతో 2019లో మొదలైన ‘స్పాన్’ ఈ లోటును తీర్చడానికి ప్రయత్నించింది. ఆరు ప్రయోగశాలలు, ఆరు చికిత్సలు, రెండున్నర వేలకు పైగా ఎలుకలు, చిట్టెలుకలు. వాటిలో ముసలివి, ఊబకాయం ఉన్నవి, రక్తపోటు ఉన్నవి, ఆడవీ మగవీ ఉన్నాయి. విభజన యాదృచ్ఛికం, కొలిచేవారికి ఏ మందో తెలియదు. 2023లో ప్రచురించిన ఫలితాల్లో చివరిదాకా నిలిచింది యూరిక్ ఆమ్లం ఒక్కటే. ఇంత శ్రద్ధ ముందే ఉంటే ఎన్ఎక్స్‌వై-059 రోగుల దాకా వచ్చేది కాదు. అయితే స్పాన్ వాడింది కూడా దారం పద్ధతే. దీని తరువాతి మెట్టు గడ్డ నమూనా కావాలి.

తెలుగు పాఠకులకు నేరుగా తగిలే ఖాళీ ఒకటుంది. పాశ్చాత్యులతో పోలిస్తే మనవారిలో, ఇతర ఆసియా ప్రజల్లో తల లోపలి ధమనులే కొవ్వు పేరుకుని సన్నబడటం ఎక్కువ. అలాంటి చోట గడ్డను లాగేసినా, కింద పుండులాంటి గోడ అలాగే ఉంటుంది, ధమని మళ్లీ మూసుకుపోతుంది. ఎలుకలకు ఈ జబ్బు సహజంగా రాదు. ఆరోగ్యమైన ధమనిలో వదిలిన గడ్డ గుండె నుంచి ఎగిరొచ్చిన గడ్డకు పోలిక కాగలదు గానీ, దీనికి కాదు. ఇక్కడ పనిచేయడానికి వనరులున్నాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పుట్టిన డబ్ల్యూఎన్ఐఎన్ ఊబకాయ ఎలుకల జాతి మనదే. జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి వారి జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. మన ఆసుపత్రుల్లో థ్రాంబెక్టమీలు జరుగుతున్నాయి, బయటికి తీసిన గడ్డలు ఉన్నాయి.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ, ప్రతి సంస్థలోని జంతు నైతిక కమిటీ ఎన్ని జంతువులు, ఎంత నొప్పి అని అడుగుతాయి. అడగాలి. వాటితో పాటు మరో మూడు ప్రశ్నలు అడగాలని కమిటీల్లో కూర్చునే పెద్దలకు, నిధులిచ్చేవారికి నా విన్నపం. ఈ నమూనాలో గడ్డ ఉందా, లేకపోతే ఎందుకు లేదు? రోగికి ఎలాగూ ఇచ్చే టీపీఏను ఈ మందుతో కలిపి చూస్తున్నారా? మేలు కనిపించకపోయినా ఫలితం ప్రచురిస్తామని ముందే రాసిచ్చారా? ఈ మూడింటికీ జవాబు లేని ప్రతిపాదనకు ఒక్క ఎలుకను కూడా ఇవ్వకూడదు.